ఒకే పాటలో రెండు భాషలు: ఫ్రెడీ ఫెండర్ విరహగీతం

బాలానగర్ పారిశ్రామికవాడలో ఉద్యోగం చేస్తూ చదువుకుంటున్నవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది: లేత్ మెషిన్ దగ్గర హిందీ, ఇంటికి వస్తే తెలుగు. ఒకే మాటను రెండు భాషల్లో చెప్పినప్పుడు అది ఒకే మాటగా మిగులుతుందా? ఈ ప్రశ్నతో ఒక అమెరికన్ కంట్రీ పాటను పరిశీలించండి.

ఫ్రెడీ ఫెండర్ అసలు పేరు బాల్డెమార్ హుయెర్టా. 1937లో టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ బెనిటోలో, మెక్సికన్ మూలాలున్న కుటుంబంలో పుట్టాడు. మాతృభాష స్పానిష్. గాయకుడిగా పేరు వస్తున్న దశలో, 1960లో గంజాయి కేసులో అరెస్టయి జైలుకు వెళ్లాడు. ఆ తరువాత మెకానిక్‌గా పనిచేస్తూ వారాంతాల్లో పాడుకునే స్థితికి వచ్చాడు. 1974లో నిర్మాత హ్యూయీ మో అతనిచేత 'బిఫోర్ ది నెక్స్ట్ టియర్‌డ్రాప్ ఫాల్స్' పాడించాడు. 1975లో ఆ పాట అమెరికాలో కంట్రీ, పాప్ జాబితాలు రెండింటిలోనూ మొదటి స్థానం పొందింది.

పాట కొత్తది కాదు. వివియన్ కీత్, బెన్ పీటర్స్ రాసిన ఈ పాటను అంతకుముందే పలువురు పాడారు. మరి ఫెండర్ పాడినప్పుడే ఎందుకంత ఆదరణ? జైలు కథే జవాబని తొందరపడకండి. గాయకుడి కష్టం పాటకు గుణం కాదు. పాటలోనే ఆధారం వెతకాలి. ఫెండర్ ఇంగ్లీషు చరణం తరువాత అదే వరుసలో స్పానిష్ చరణం పాడాడు.

రెండు చరణాల భావం ఒకటే: తనను విడిచి వెళ్లే ప్రియురాలిని దీవించడం, కష్టం వస్తే తానున్నానని చెప్పడం. అయితే తేడాలు గమనించండి. దీవెన రెండు భాషల్లోనూ ఆమెకూ, కొత్త ప్రియుడికీ; తేడా మాటల్లో ఉంది. ఇంగ్లీషులో కన్నీటిచుక్క అనే పదచిత్రం ఉంది; స్పానిష్‌లో అది లేదు. అతడు నిన్ను ఏడిపిస్తే నాతో చెప్పుకో అనే వాడుకమాట ఉంది. మొదటిది చక్కగా కూర్చిన ప్రకటన. రెండోది ఇంటి మనిషి ఓదార్పు.

స్పానిష్ రానివారికి ఇది కేవలం అలంకారం కదా అని మీరు అడగవచ్చు. కాదు. భావం ఇంగ్లీషులో ముందే అందింది కనుక, వారి చెవి పదాలను వదిలి గొంతులోని వణుకును వింటుంది. విజయానికి ఇదొక్కటే కారణమని నిరూపించలేం. కాని పాత పాట ఇక్కడ కొత్తదైందని మాత్రం చూపించగలం.

మన 'దేవదాసు' (1953) తెలుగు, తమిళాల్లో వచ్చింది. రెండింటిలోనూ ఘంటసాల పాడారు. అక్కడ ఒక్కో భాషకు ఒక్కో పాట, శ్రోతలు వేరు. ఫెండర్ ఇద్దరు శ్రోతలను ఒకే పాటలో కూర్చోబెట్టాడు.

అభ్యాసం: మీరు రోజూ రెండు భాషల్లో చెప్పే ఒక మాటను తీసుకోండి. రెండో భాషలో ఏది తగ్గింది, ఏది చేరింది? పది వాక్యాల్లో రాయండి.