తెర మీద మర్యమ్ కుమారుడు - ఒక పరిశీలన

భారతీయ చలనచిత్రాలకు ఆద్యుడుగా పేరొందిన దాదాసాహెబ్ ఫాల్కే 1910 ప్రాంతంలో బొంబాయిలో క్రీస్తు జీవితాన్ని గూర్చిన ఒక మూగ చిత్రం చూశాడు. తెర మీద క్రీస్తు కదులుతూ ఉంటే తన మనోనేత్రం ముందు రాముడూ కృష్ణుడూ కదిలారని ఆయనే తరువాత రాసుకున్నాడు. 1913లో వచ్చిన 'రాజా హరిశ్చంద్ర'కు ప్రేరణ అదే. ఆ విధంగా మన దేశంలో పౌరాణిక చిత్రానికి బీజం వేసింది ఒక క్రీస్తు చిత్రమే అయింది. అరవై అయిదేళ్ళ తరువాత, 1978లో, తెలుగు పౌరాణిక చిత్రం ఆ అప్పు తీర్చుకున్నది. ఆ చిత్రం 'కరుణామయుడు'.

హజ్రత్ ఈసా (అలైహిస్సలాం)ను దైవప్రవక్తగా విశ్వసించడం ముస్లిముకు ఐచ్ఛికం కాదు, ఈమాన్‌లో భాగం. అటువంటి మహనీయుని ఒక నటుని ముఖంలో చూపవచ్చునా అన్న ప్రశ్నకు అహ్లె సున్నత్ పండితుల సమాధానం అందరికీ తెలిసిందే. ఏ ప్రవక్తనూ తెర మీద చూపరాదన్నదే ఈజిప్టులోని అల్ అజ్‌హర్ వైఖరి కూడా. అయితే తీర్పు చెప్పి పుస్తకం మూసేయడంతో పని పూర్తి కాదు. ఈ చిత్రాలు ఊరూరా తిరిగాయి. మన పిల్లలూ చూశారు. చూసినవారి మనసులో అవి ఏం నాటుతున్నాయో విచారించకుండా నిషేధాన్ని వల్లించినందువల్ల ప్రయోజనం స్వల్పం. ఈ వ్యాసంలో పరిశీలించేది ఆ సంగతినే.

'కరుణామయుడు' భారీ చిత్రం కాదు. విజయచందర్ స్వయంగా నిర్మాణభారం మోసి, క్రీస్తు పాత్ర తానే ధరించాడు. డబ్బు చాలక ఆగుతూ సాగుతూ పూర్తయిన చిత్రమది. దర్శకుడు ఎ. భీంసింగ్ చిత్రం విడుదల చూడకుండానే 1978 జనవరిలో కన్నుమూశాడు. అంత ఇబ్బందుల్లో తయారైన ఈ చిత్రం 'దయాసాగర్' పేరుతో హిందీలోకి వెళ్ళింది. క్రైస్తవ ప్రచార బృందాలు దానిని 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టర్లతో పల్లెలకు మోసుకుపోయాయి. కరెంటు సరిగా లేని ఊళ్ళలో, బడి ఆవరణలో కట్టిన తెల్లగుడ్డ మీద, రాత్రి పొద్దుపోయేదాకా ఆడే బొమ్మ అది. నగర విమర్శకులు దానిని చిన్నచూపు చూసినా, ప్రేక్షకుల సంఖ్యలో అనేక భారీ చిత్రాలు దాని సాటికి రావు.

దాని బలం ఎక్కడిది? పరదేశపు కథను పరాయి కథగా చూపకపోవడంలో ఉన్నది. మన జనానికి అలవాటైన పౌరాణిక ఫక్కీ, పాటలు, ప్రేక్షకుని వైపు తిరిగి నిలిచే కరుణార్ద్రమైన ముఖం, దీనులూ రోగులూ కాళ్ళ మీద పడే దృశ్యాలు - ఇవన్నీ తెలుగువాడు ఎన్.టి. రామారావు చిత్రాల్లో చూసి ఎరిగినవే. క్రీస్తు కూడా ఆ వరుసలోనే వచ్చి నిలిచాడు. అయితే ఈ బలమే దాని లోపం కూడా. ఆ ఫక్కీకి ప్రవక్త అనే భావన తెలియదు. దానికి తెలిసినది అవతారం ఒక్కటే. దైవానికి దాసుడైన ఒక మానవుడు దైవసందేశం వినిపించి, జనం చేత తిరస్కృతుడై, సహనం వహించడం అనేది ఆ చట్రంలో ఇమడదు. తెర మీద ముఖం కనబడగానే చేతులు జోడించడమే ఆ చట్రం ప్రేక్షకునికి నేర్పిన పద్ధతి.

పైగా ఆ ముఖం ఎవరిది? విజయచందర్ 1983లో 'ఆంధ్రకేసరి'లో ప్రకాశం పంతులు అయినాడు. 1986లో షిర్డీ సాయిబాబా పాత్ర ధరించాడు. నటునిగా అది ఆయన వృత్తి, అందులో తప్పు పట్టవలసింది లేదు. కాని ఒకే ముఖం మీద జనభక్తి ఒక మూర్తి నుంచి మరొక మూర్తికి ఎంత సులువుగా మారగలదో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ప్రవక్తలకు ముఖం కల్పించరాదని మన పెద్దలు ఎందుకు పట్టుబట్టారో వివరించడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ నాకు తోచదు.

ఇక మహిమల విషయం. ఈ తరగతి చిత్రాలన్నిటికీ అసలు పరీక్ష ఇక్కడే. దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా 110వ ఆయత్‌లో ఈసా (అ.స.) మహిమలు వరుసగా పేర్కొనబడ్డాయి: మట్టితో పక్షి ఆకారం చేసి ఊదడం, పుట్టుగుడ్డినీ కుష్ఠురోగినీ బాగుచేయడం, మృతులను లేపడం. ఈ వరుసలో అల్లాహ్ అనుమతితో అన్న మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. అదే ఆయత్ చివర, ఇదంతా చూసి కూడా తిరస్కారులు దీనిని కేవలం ఇంద్రజాలమని కొట్టివేసిన సంగతి చెప్పబడింది. ఈ రెండు విషయాలూ ఒక్కచోట ఉండటాన్ని పాఠకులు గమనించాలి. కెమెరా చెయ్యిని చూపగలదు, లేచి నిలబడిన రోగిని చూపగలదు. వాటి మధ్యనున్న అనుమతిని అది చూపలేదు. చేయి చాపగానే పొగ, మెరుపు, సంగీతం, రోగి లేవడం! డబ్బు తక్కువైన కొద్దీ ఆ తంత్రం అంత బాహాటంగా కనబడిపోతుంది. అటువంటి దృశ్యం చూస్తున్న ప్రేక్షకుడు తెలియకుండానే ఆనాటి తిరస్కారులు నిలిచిన చోట నిలబడతాడు. అతనికి కనబడేది గారడీయే. భక్తుడైతే ఆ గారడీకి మొక్కుతాడు, నాస్తికుడైతే నవ్వుతాడు. అంతకుమించి తేడా లేదు.

పేదరికమే దీనికి కారణమని సరిపెట్టుకుందామంటే, 1964లో ఇటలీలో పసోలినీ తీసిన 'మత్తయి సువార్త' చిత్రం అడ్డు వస్తుంది. ఆయన మార్క్సిస్టు, మత విశ్వాసి కాడు. అయినా చిత్రాన్ని 23వ పోప్ జాన్ స్మృతికి అంకితం చేశాడు. దక్షిణ ఇటలీలోని మతేరా అనే రాతిగుహల ఊరు ఆయనకు జెరూసలెం అయింది. క్రీస్తు పాత్రధారి స్పెయిన్ దేశపు విద్యార్థి, నటుడు కాడు. వృద్ధురాలైన మర్యమ్‌గా నటించినది పసోలినీ సొంత తల్లి. తక్కినవారిలో కూడా చాలామంది సామాన్య జనమే. అందులో కుష్ఠురోగి దృశ్యం చూడండి. వికృతమైన ముఖం ఒకటి కనబడుతుంది, మరుక్షణంలో అదే ముఖం స్వచ్ఛంగా కనబడుతుంది. మధ్యలో పొగ లేదు, మెరుపు లేదు. ఫిల్మును ఒకచోట కత్తిరించి మరొకచోట అతికించడమే. దానికి ఖర్చేమీ లేదు. ఏం జరిగిందో, ఎవరి శక్తితో జరిగిందో చిత్రం వివరించబోదు. ఆ ఖాళీలో ప్రేక్షకుడు ఆలోచించక తప్పదు. అయినా రొట్టెలు పెరగడం, నీటి మీద నడవడం వంటి ఘట్టాల పట్ల పసోలినీయే తరువాతి కాలంలో తీవ్రమైన అసంతృప్తి వెలిబుచ్చాడు. ఒక నాస్తికునికి కలిగిన ఈ సంకోచం మన భక్తిచిత్ర నిర్మాతలకు కలగకపోవడం విచిత్రం.

1979లో జాన్ హేమన్ నిర్మించిన 'జీసస్' చిత్రం గూర్చి ఎక్కువ చెప్పవలసింది లేదు. లూకా సువార్తను దాదాపు పొల్లుపోకుండా తెరకెక్కించి, తెలుగుతో సహా రెండు వేలకు పైగా భాషల్లోకి మార్చారు. ప్రచారసాధనంగా దానికి సాటి లేదు. కళగా చూస్తే అది బొమ్మలు కదిలే పాఠ్యపుస్తకం. చివర ప్రేక్షకుని ప్రార్థనకు పిలవడంతో దాని ఉద్దేశం స్పష్టమవుతుంది. దానిని దాచుకోలేదు కనుక నిందించను.

మనం నిజంగా తర్కించవలసినది మన వైపు నుంచి వచ్చిన ప్రయత్నాన్ని. ఇరాన్ దర్శకుడు నాదిర్ తాలిబ్‌జాదా (మరణం 2022) 2007లో 'మసీహ్' చిత్రాన్ని వెలువరించాడు. దానికి రెండు ముగింపులున్నాయి. ఒకటి క్రైస్తవులు నమ్మే శిలువ మరణం. రెండవది ఈసా (అ.స.) పైకి ఎత్తుకోబడటం, ఆయన రూపం సంక్రమించిన యూదా శిలువ పాలు కావడం. ఎదుటివారి విశ్వాసానికి కూడా తెర మీద చోటిచ్చిన ఈ పద్ధతి మెచ్చదగినది. ఇంతటి మర్యాద చూపిన క్రీస్తు చిత్రాలు అరుదు.

అయితే ఆ రెండవ ముగింపు ఎక్కడిది? నిసా సూరా 157వ ఆయత్ ఆయన చంపబడలేదనీ, శిలువ వేయబడలేదనీ, వారికి అలా భ్రమ కల్పించబడిందనీ తెలిపి ఊరకుంటుంది. ఆయన స్థానంలో ఎవరున్నారో చెప్పదు. మన వ్యాఖ్యాతలు కూడా ఈ విషయమై ఏకాభిప్రాయానికి రాలేదు. యూదా పేరును స్థిరపరచింది బర్నబా సువార్త అనే గ్రంథం. చిత్రం దానినే ఆశ్రయించింది. 1907లో ఆంగ్లానువాదం, ఆ మరుసటి ఏడు కైరోలో అరబీ అనువాదం వెలువడినప్పటి నుంచి మన ప్రచారకులు ఎందరో ఆ గ్రంథాన్ని ఆయుధంగా వాడుతున్నారు. కాని అది మధ్యయుగపు చివరి కాలంలోనో ఆ తరువాతనో పుట్టినదని పరిశోధకులు చూపించారు. అంతకన్న మనకు ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆ గ్రంథంలో ఈసా (అ.స.) తాను మసీహ్‌ను కానని అంటారు. దివ్య ఖుర్ఆన్ ఆయనను మసీహ్ అని పిలుస్తుంది. మన గ్రంథానికే విరుద్ధమైన సాక్షిని మన తరఫున బోనులో నిలబెట్టడం ఏ వివేకం? ఆయత్ మౌనం వహించిన చోట చిత్రం ఒక ముఖాన్నీ, ఒక పేరునూ అతికించింది. ఇక ఆ ముఖం సంగతి! పొడవాటి జుట్టుతో, శాంతమైన చూపుతో ఉన్న ఆ ఈసా యూరప్ చిత్రకారులు గీసిన బొమ్మకు సోదరుడే. వాదం ఖుర్ఆన్‌ది, రూపం చర్చిది.

ఈ ఇతివృత్తంతోనే ఇరాన్‌లో తయారైన ధారావాహిక 2010 ఆగస్టులో లెబనాన్‌లో రెండు టెలివిజన్ కేంద్రాల్లో మొదలై, క్రైస్తవ మతాధికారుల ఆక్షేపణతో ఆగిపోయింది. సంవాదానికని తీసినది వివాదానికి దారితీసింది. ఆక్షేపించినవారిని తప్పుపట్టే ముందు, మన పవిత్ర వ్యక్తులను ఇతరులు తమ ఇష్టానుసారం చూపినప్పుడు మనకెలా ఉంటుందో గుర్తుచేసుకోవాలి.

అయితే ఈ ఇతివృత్తాన్నే వదిలివేయాలా? అలా అనుకోను. 1976లో ముస్తఫా అక్కాద్ 'ది మెసేజ్' చిత్రంలో మహాప్రవక్త ముహమ్మద్ (స)ను ఎక్కడా చూపలేదు, ఆయన కంఠమూ వినిపించలేదు. ఎదురుగా ఉన్నవారి ముఖాలే చూపాడు. దానికి ఆయన వెచ్చించిన ధనం అపారమే కాని, ఆ పద్ధతికి మాత్రం ధనంతో పని లేదు. మాయిదా సూరాలో హవారీలు ఆకాశం నుంచి భోజనపు పళ్ళెరం కోరిన ఘట్టం ఉన్నది. తినాలని ఉంది, హృదయాలకు తృప్తి కలగాలని ఉంది, విన్నది సత్యమేనని తెలుసుకోవాలని ఉందని వారు అడుగుతారు. పళ్ళెరాన్ని చూపబోతే గారడీ మిగులుతుంది. ఆకలితో, ఆశతో, ఒకింత శంకతో కాచుకుని ఉన్న ఆ మనుషులను చూపడానికి కావలసింది ఒక మైదానం, సహజమైన వెలుతురు, పదిమంది మామూలు మనుషులు.