కథలో లేని పెళ్లిళ్లు

సినిమా చూసినా, నవల చదివినా మనలో చాలామంది ఒక పని చేస్తాం. ఎవరికి ఎవరు జోడీ అయితే బాగుంటుందో మనమే తేల్చేస్తాం. రచయిత ఒప్పుకోకపోయినా సరే, మనసులో పెళ్లి చేసేస్తాం. పెద్దవాళ్లు దీన్ని పనిలేని పని అంటారు. నాకు అలా అనిపించదు.

మనందరికీ తెలిసిన ఉదాహరణ శశిరేఖ. వ్యాస భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడి కూతురితో అతని పెళ్లి అందులో లేదు. అది తర్వాత జనం కల్పించుకున్న కథ. 1957లో కె.వి.రెడ్డి తీసిన 'మాయాబజార్' తెలుగులోనూ, తమిళంలోనూ వచ్చింది. రెండింటిలోనూ ఆ పాత్ర సావిత్రిగారే వేశారు. అందుకే మా హోసూరు వైపు మన అవ్వలు శశిరేఖ అంటే, పక్కింటి తమిళంవాళ్లు వత్సల అంటారు. పేరు వేరైనా జంట ఒకటే.

ఈ జంట జనానికి ఎందుకంత ఇష్టం? నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది, అభిమన్యుడు చిన్న వయసులోనే పద్మవ్యూహంలో చనిపోతాడని అందరికీ తెలుసు. ఆ చావును ఎవరూ మార్చలేరు. అందుకే అంతకుముందు కొన్ని సంతోషమైన రోజులు అతనికి ఇచ్చారు. రెండోది, పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే శశిరేఖ ఇంట్లోవాళ్లు ఇచ్చిన మాట మార్చి, దుర్యోధనుడి కొడుకుతో సంబంధం కుదుర్చుకుంటారు. ఆ జంట కలవాలని కోరుకోవడమంటే, డబ్బు పోయిందని మాట తప్పకూడదని కోరుకోవడమే.

అయితే అన్ని జంటలూ ఇలా ఉండవు. అమెరికా రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ రాసిన 'లిటిల్ విమెన్' మొదటి భాగం 1868లో వచ్చింది. అందులో జో అనే అమ్మాయి, పక్కింటి లారీ మంచి స్నేహితులు. వాళ్లిద్దరికీ పెళ్లి చేయమని చదివిన అమ్మాయిలు రచయిత్రికి ఉత్తరాలు రాశారు. ఆమె వినలేదు. 1869లో వచ్చిన రెండో భాగంలో లారీ అడిగితే జో వద్దంటుంది. లారీ చివరికి జో చెల్లెలు ఏమీని చేసుకుంటాడు. దీన్ని ఇప్పటికీ ఒప్పుకోని పాఠకులున్నారు.

నా ఉద్దేశంలో ఆల్కాట్ చేసిందే సరి. శశిరేఖ అభిమన్యుణ్ణి కావాలనుకుంది. జో లారీని వద్దనుకుంది. తేడా అంతా అక్కడే ఉంది. "ఇద్దరూ అంత బాగా మాట్లాడుకుంటారు కదా!" అన్నంత మాత్రాన పెళ్లి చేయలేం.

ఇది పుస్తకాల సంగతి మాత్రమే కాదు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి నోట్సు ఇచ్చిపుచ్చుకుంటే చాలు, ఏ క్లాసులోనైనా వాళ్ల పేర్లు కలిపేస్తారు. జోకి మన మాటలు వినపడవు. కానీ పక్క బెంచీలో అమ్మాయికి వినపడతాయి. మర్నాటి నుంచి ఆమె ఆ స్నేహితుడితో మాట్లాడడం మానేస్తుంది.

కాబట్టి జంటలను ఊహించుకుందాం, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ అమ్మాయి ఏమంటోందో ముందు విందాం. వద్దంటే అక్కడితో ఆపేద్దాం.