గోథిక్ భయానక కథనంలో నరమాంసభక్షణ: నైతిక బాధ్యత

ఉపోద్ఘాతం

గోథిక్ సాహిత్యంలో నరమాంసభక్షణ పట్ల నైతిక వైఖరి అన్ని రచనల్లో ఒకే తీరుగా ఉండదు. తిన్నవారు ఎవరు, తెలిసి తిన్నారా, ఆ స్థితి ఎలా దాపురించింది అన్న ప్రశ్నలను బట్టి తీర్పు మారుతుంది. ఎడ్గార్ ఎలన్ పో నవల ‘ది నెరేటివ్ ఆఫ్ ఆర్థర్ గోర్డన్ పిమ్’ (1838), స్వీనీ టాడ్ కథకు మూలమైన ధారావాహిక ‘ది స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్’ (1846-47) ఆధారంగా ఈ మార్పును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాణావసరం - న్యాయం

పో నవలలో తుఫానుకు శిథిలమైన ‘గ్రాంపస్’ నౌకపై నలుగురు మిగులుతారు. ఒకరిని చంపి తిని మిగిలినవారు బతకాలని ప్రతిపాదించినవాడు రిచర్డ్ పార్కర్. పిమ్ వారించినా ఫలితం ఉండదు. చివరికి పొట్టి పుల్ల పార్కర్‌కే వస్తుంది. పుల్లలు తీసే క్షణాలను పో సుదీర్ఘంగా వర్ణించి, భక్షణను కొద్ది వాక్యాల్లో దాటవేస్తాడు. రససిద్ధాంత పరిభాషలో చెప్పాలంటే, ఇక్కడ భయం స్థాయిగా గల భయానకం విస్తరిస్తుంది, జుగుప్స స్థాయిగా గల బీభత్సం అదుపులో ఉంటుంది. అందరికీ సమానమైన ప్రమాదం ఉండటం హత్యకు ఒక ఒప్పందపు రూపం ఇస్తుంది. నావికుల్లో అటువంటి ఆచారం ఉండేది కూడా.

46 సంవత్సరాల తర్వాత ఆ ఆచారం న్యాయస్థానానికి చేరింది. 1884లో ‘మిగ్నొనెట్’ అనే పడవ మునిగిన తర్వాత బతికిన నలుగురిలో 17 ఏళ్ల పనికుర్రాణ్ణి చీట్లు వేయకుండానే చంపి తిన్నారు. యాదృచ్ఛికంగా అతని పేరూ రిచర్డ్ పార్కరే. ప్రాణావసరం హత్యకు సమర్థన కాజాలదని న్యాయస్థానం తేల్చింది. అందరిలో బలహీనుడినే ఎంచుకున్న సంగతిని తీర్పు ఎత్తిచూపింది. డడ్లీ, స్టీఫెన్స్‌లకు పడిన మరణశిక్ష తర్వాత 6 నెలల ఖైదుగా మారింది. శిక్ష తగ్గింపులో నాటి సమాజపు సానుభూతి, తీర్పులో దాని నైతిక సంకోచం రెండూ కనిపిస్తాయి.

పరాయివారిపై నింద

1845లో ఆర్కిటిక్‌కు బయలుదేరిన ఫ్రాంక్లిన్ బృందం చివరి దశలో నరమాంసం తిన్నదని ఇన్యూట్ ప్రజలు చెప్పిన వార్తను జాన్ రే 1854లో నివేదించాడు. చార్లెస్ డికెన్స్ దానిని అంగీకరించలేదు. ఆంగ్ల నావికులు అలా చేయరని వాదిస్తూ ఇన్యూట్ ప్రజలపైనే అనుమానం మళ్లించాడు. తరువాతి కాలంలో దొరికిన ఎముకలపై ఉన్న కత్తిగాట్లు ఇన్యూట్ మాటనే బలపరిచాయి. పో నవలలోనూ ఇదే వైరుధ్యం ఉంది. త్సలాల్ ద్వీపవాసులను నమ్మకద్రోహులుగా, క్రూరులుగా చిత్రించిన ఆ కథలో మనిషిని తిన్నది మాత్రం అమెరికన్ నౌకపైని వారే. ఈ వైరుధ్యాన్ని కథకుడు గమనించడు. పాఠకుడు గమనించవలసి ఉంటుంది.

నగరం నడిబొడ్డున

‘ది స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్’ నరమాంసభక్షణను దూరసముద్రాల నుంచి లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌కు తెస్తుంది. ఇక్కడ తినేవారిలో ఆకలితో చావబోయేవారు లేరు. న్యాయవాదుల గుమాస్తాలు మిసెస్ లవెట్ దుకాణంలో మాంసపు ‘పై’లను ఇష్టంగా తింటారు. ఆ రుచిని కథనం నోరూరేలా వర్ణిస్తుంది. అసలు సంగతి చివరగా బయటపడినప్పుడు బీభత్సం వెనక్కి ప్రసరించి గతంలోని ఆస్వాదాన్ని కలుషితం చేస్తుంది. అప్పటికే సూచనలు గ్రహించిన పాఠకుడు ఆ ఆస్వాదంలో సహభాగి అవుతాడు.

ఆకలి ఉన్నది నేలమాళిగలో. తిండిలేక పని అడిగినవాడు అక్కడ బందీగా వంట చేస్తాడు. ‘పై’లు ఎన్నైనా తినవచ్చు, బయటికి మాత్రం పోలేడు. ఉత్పత్తి చేసేవాడికీ, కొని తినేవాడికీ సరుకు పుట్టుక తెలియని ఈ ఏర్పాటే కథలోని అసలు భయం.

ముగింపు

సముద్రంలో పో చూపిన భక్షకులకు తమ పని తెలుసు, కనుక వారికి బాధ్యత ఉంది. లండన్ భక్షకులకు తెలియదు, కనుక నేరం లేదు. కానీ వారి అజ్ఞానమే వ్యాపారానికి ఆధారం. ధారావాహిక ఈ ప్రశ్నను రేపి, దాని వెంట చివరిదాకా పోదు. లవెట్ విషంతో మరణిస్తుంది, టాడ్ ఉరికంబమెక్కుతాడు, ప్రేమికులు ఒక్కటవుతారు. ఇద్దరు దుష్టుల శిక్షతో నగరం శుభ్రపడినట్లు కథ ముగుస్తుంది. తిన్నవారిని ఎవరూ ఏమీ అడగరు. ఈ రచన బలమూ పరిమితీ ఆ మౌనంలోనే ఉన్నాయి.