పై లోపలి పని

మా అమ్మాయి మొదటిసారి చేసిన తేనె యాపిల్ పైని మేము గరిటెతో వడ్డించుకున్నాం. పైపెంకు చూస్తే దోరగా, బంగారు రంగులో ఉంది. కత్తి దిగీ దిగగానే లోపల్నుంచి పులుసు ఉబికింది. అడుగు పిండి నాని ముద్దయిపోయింది. పంచదార ఎంత వెయ్యాలో తేనె కూడా అంతే వెయ్యమని ఎక్కడో చదివి పిల్ల అలాగే వేసింది. మా అల్లుడు మర్యాదస్తుడు. బాగుందంటూ రెండు గిన్నెలు తాగాడు.

సంగతి విని పక్కింటావిడ నవ్వలేదు. "శనివారం పొద్దున్నే రండి, నేను చేస్తాను, చూద్దురుగాని" అంది. న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్ ఊరు. అక్టోబరు నెల. ఆవిడకి డెబ్బై దాటాయి. వాళ్ళాయన పెరట్లో రెండు పెట్టెల్లో తేనెటీగల్ని పెంచుతాడు. నేను ఆ వంటింట్లో ఎత్తు స్టూలు ఎక్కి కూచుని, పొద్దున్న తొమ్మిది నుంచి పొద్దు వాలేదాకా చూశాను. తెలుగులో పై అంటే మీద అని కదా. ఈ పై సంగతంతా లోపలే ఉంది. ఆ లోపల ఆవిడ చేతులు తీపితో పడ్డ పాట్లు తక్కువ, నీళ్ళతో పడ్డవే ఎక్కువ.

లెక్క చూడండి. యాపిల్ పండులో వందకి ఎనభై అయిదు వంతుల దాకా నీళ్ళే. వెన్నలో పదహారో పదిహేడో. పంచదారలో చుక్క నీరుండదు. తేనెలో మాత్రం పదిహేడు, పద్ధెనిమిది వంతులుంటుంది. అంటే పంచదార మానేసి తేనె పోశామంటే, అసలే నీటిబుడగలాంటి పండుకి ఇంకో చోట నుంచి నీళ్ళు తెచ్చి చేర్చామన్నమాట. మా పిల్ల పులుసు కథ అదీ.

ఆవిడ ముందు పిండి సంగతి చూసింది. రెండున్నర కప్పుల మైదా, చెంచాడు ఉప్పు, పావుకిలోకి కాస్త తక్కువగా వెన్న. వెన్న ఫ్రిజ్ లోంచి తీసిన రాయి. దాన్ని ముక్కలు కోసి, సగం చంద్రవంకలా తీగలు వంచిన ఒక పనిముట్టుతో మైదాలోకి నొక్కుకుంటూ పోయింది. నేనైతే పిండీ వెన్నా కలిసి ఒక్కటయ్యేదాకా చేత్తో రుద్దుదును. ఆవిడ బఠాణీ గింజంత పలుకులు ఇంకా కనబడుతుండగానే ఆపేసింది. ఆ పలుకులే పొరలవుతాయట. వేడి తగలగానే వెన్న కరుగుతుంది, అందులోని నీరు ఆవిరై పైనున్న పిండిని ఎత్తి పట్టుకుంటుంది. వెన్న ముందే కరిగి పిండిలో కలిసిపోతే ఎత్తడానికి ఏమీ మిగలదు. అందుకే మధ్యమధ్య కుళాయి దగ్గరికెళ్ళి చేతులు చన్నీళ్ళ కింద పెట్టి, తుడుచుకుని వచ్చేది. చేతి వేడి కూడా ఎక్కువేనట.

తర్వాత ఐసు నీళ్ళు. ఒక్కో పెద్ద చెంచాడూ చల్లుతూ, ఫోర్కుతో అటూ ఇటూ కదుపుతూ ఆరు చెంచాలు పోసింది. ఏడో చెంచా నిండా తీసి, గిన్నె మీద పట్టుకుని ఆగింది. రెండో చేత్తో కాస్త పిండి తీసి పిడికిట్లో నొక్కింది. అది విరక్కుండా నిలిచింది. చెంచాలో నీళ్ళు మళ్ళీ ఐసు నీళ్ళ గిన్నెలోకి ఒంపేసింది. ఆ రోజంతటి వ్యవహారంలో నాకు బాగా గుర్తుండిపోయినది ఆ ఆగడమే. ఆ ఒక్క చెంచా పడి ఉంటే పిండి సాగేది, పెంకు తోలయ్యేది.

పిండి ఎంత మర్దిస్తే అంత మంచిదని చిన్నప్పట్నుంచీ విన్నదాన్ని నేను. పూరీకైనా, బొబ్బట్టు తోపుకైనా మనం చేసేది అదే. ఇక్కడ మర్దించడం నేరం. పొడిపొడిగా ఉన్న పిండిని బల్ల మీద పోసి, అరచేత్తో కూడదోసి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు మడిచింది. తిప్పి మళ్ళీ మూడు మడతలు. నాకు తాపేశ్వరం మడత కాజా గుర్తొచ్చింది. అక్కడ పొరకీ పొరకీ మధ్య నెయ్యి పూస్తారు, ఇక్కడ వెన్న పలుకే అణిగి పొరవుతుంది. దారులు వేరైనా చేరేది పొరల ఊరికే. రెండు బిళ్ళలు చేసి, కాగితం చుట్టి, గంటసేపు ఫ్రిజ్ లో పెట్టింది.

ఇక పండ్లు. ఆవిడ బుట్టలో నార్తర్న్ స్పై అనే రకం అయిదు, మెకింటాష్ రెండు. నార్తర్న్ స్పై పుట్టిల్లు అక్కడికి దగ్గరే, ఈస్ట్ బ్లూమ్ ఫీల్డ్ అనే ఊరు. ఇంచుమించు 1800 ప్రాంతంలో గింజ మొలకగా బయటపడ్డ రకం. చెట్టు కాపుకి రావడానికి పదేళ్ళ దాకా పట్టొచ్చు. అందుకేనేమో పెద్ద దుకాణాల్లో ఎప్పుడో గాని కనబడదు. అంటారియో సరస్సు ఒడ్డున తోటల వాళ్ళు దారి పక్కన పెట్టుకున్న కొట్లలో దొరుకుతుంది. పుల్లన, గట్టి. గంటకు పైగా ఓవెన్ లో ఉన్నా ముక్క ముక్కలాగే ఉంటుంది. "పైలకి స్పైలు" అని అక్కడో నానుడి. మెకింటాష్ దీనికి పూర్తిగా ఎదురు, ఉడికితే గుజ్జయిపోతుంది. ఆ గుజ్జు కోసమే రెండు. గట్టి ముక్కల మధ్య సందులు నింపడానికి.

చెక్కు తీసి పావంగుళం మందాన ముక్కలు కోసింది. నిమ్మరసం, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క పొడి, రవ్వంత జాజికాయ. అప్పుడు తేనె. బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఒకటి లేత పసుపు, క్లోవర్ పూలది. ఇంకోటి బక్ వీట్ పూల తేనె, ఇంచుమించు నలుపు. మూత తీస్తే పాత బెల్లం వాసన. ఆవిడ కొలత మొత్తం అరకప్పు. పంచదారైతే ముప్పావు కప్పు పోసేదాన్నంది. తేనెలో పండుచక్కెర ఎక్కువ కాబట్టి తక్కువతోనే తీపి తేలుతుంది. అరకప్పులో ఒక్క చెంచా మాత్రం నల్లది, వాసన కోసం. ఆ మొత్తం తేనెలో సగాన్ని ముక్కల మీద పోసి, కలిపి, గంట వదిలేసింది.

యాపిలూ తేనే పాత జోడీయే. యూదులు తమ కొత్త సంవత్సరం రోజున యాపిల్ ముక్కని తేనెలో ముంచుకు తింటారు. అమెరికావాళ్ళు మాత్రం అచ్చ అమెరికన్ అని చెప్పాలంటే ఈ పైనే ఉపమానం చేస్తారు. నిజానికి తినే యాపిల్ మూలాలు కజకిస్తాన్ కొండల్లో ఉన్నాయి. తేనెటీగని కూడా తెల్లవాళ్ళు 1622లో ఓడలో వర్జీనియాకి తెచ్చారు. యాపిల్ పై వంటకం ఇంగ్లండులో పద్నాలుగో శతాబ్దం నాటికే ఉంది. 1796లో అమీలియా సిమన్స్ అచ్చువేసిన వంటల పుస్తకం, అమెరికా మనిషి రాసి అమెరికాలో అచ్చయిన వాటిలో మొదటిదిగా చెప్పుకునేది, అందులోనూ యాపిల్ పై ఉంది. మిరపకాయ మనదేనని మనం అనుకోవడం లేదూ, అలాగే ఇదీ.

గంట గడిచేసరికి ముక్కలు మెత్తబడి, గిన్నె అడుగున అరకప్పుకి పైగా రసం ఊరింది. మా పిల్ల పైలో గరిటెకొచ్చిన పులుసు ఇదే. ఆవిడ ముక్కల్ని చిల్లుల గిన్నెలో వంచి, ఆ రసాన్ని చిన్న గిన్నెలో పొయ్యి మీద పెట్టింది. మిగిలిన తేనె కూడా అందులోనే పోసి, వెన్న ముక్క వేసి మరగనిచ్చింది. తేనెను వేడి చెయ్యకూడదని ఆయుర్వేదం మాట. మా అత్తగారు గనక ఆ పొయ్యి దగ్గరుంటే సీసా లాక్కుని వెళ్ళిపోయేది. నాకూ మనసు ఒప్పలేదు. మరిగిస్తే తేనె సువాసన కొంత పోతుందని ఆవిడే ఒప్పుకుంది. కానీ మరిగించడానికి ఆవిడకో కారణం ఉంది. పచ్చి తేనెలో పిండిని విరగ్గొట్టే ఎంజైము కొంత ఉంటుంది. చిక్కదనానికి మొక్కజొన్న పిండి వేసేవాళ్ళకి అది శత్రువు. మరిగితే దాని పని అయిపోతుంది.

ఇక్కడ నేను స్టూలు దిగి పొయ్యి దగ్గరికెళ్ళాను. ఎందుకంటే ఇది నాకు తెలిసిన పని. మొదట పలచటి నురగ, గబగబా లేచే బుడగలు. తర్వాత బుడగలు పెద్దవై నెమ్మదించాయి. రంగు తేరింది. ఆవిడ చెంచా ఎత్తి వంచి చూసింది. చుక్కలు విడివిడిగా రాలకుండా చివర ఒక్కటై, బరువుగా జారాయి. లేత పాకం! తీగపాకానికి ఇంకా రెండడుగుల దూరం. ఆవిడ పొయ్యి కట్టేసింది, నేనూ సరిగ్గా అప్పుడే కట్టేద్దును. భాష చాలని చోట మా ఇద్దరికీ ఆ చెంచా చాలింది.

రెండు చెంచాల మొక్కజొన్న పిండి ముక్కలకి పట్టించి, పాకం చల్లారాక పోసింది. వేడివేడిగా పోస్తే అడుగు వెన్న కరుగుతుంది. పిండి బిళ్ళని ఒక్కో ఒత్తుకీ పావు వంతు తిప్పుతూ ఒత్తింది. తొమ్మిదంగుళాల గాజు పళ్ళెంలో పరిచి, ముక్కలు మధ్యలో గుట్టగా పోసి, పైన రెండో రేకు కప్పింది. గాజే ఎందుకంటే అడుగు రంగు కనబడుతుంది. అంచు కట్టడం చూసి మాత్రం నాకు నవ్వొచ్చింది. బొటనవేలితో నొక్కి, చూపుడువేలితో మడిచి, మళ్ళీ నొక్కి. అచ్చం మా అమ్మ కజ్జికాయ అంచు చుట్టినట్టు. నూనెలో విడిపోకుండా మనం చుడతాం, రసం కారకుండా ఆవిడ చుట్టింది. పైన కత్తి మొనతో ఆరు చీలికలు పెట్టింది. మిగిలిన నీరు పోవడానికి దారి అదొక్కటే.

ఓవెన్ లో ఇనప పళ్ళెం ముందే కాగుతోంది. గాజు పళ్ళెం దాని మీద పెట్టింది, అడుగు పిండికి మొదటి నిమిషంలోనే వేడి తగలాలని. 425 ఫారన్ హీట్ డిగ్రీల మీద ఇరవై నిమిషాలు, తర్వాత 350కి దించి ఇంకో యాభై. పంచదార పైని 375 దగ్గర ఉంచేదట. తేనె తొందరగా నల్లబడుతుంది. దానిలోని పండుచక్కెర పంచదారకన్నా చాలా తక్కువ వేడికే మాడడం మొదలుపెడుతుంది. సగంలో అంచులకి అల్యూమినియం కాగితం చుట్టింది.

గడియారం వైపు పెద్దగా చూడలేదు ఆవిడ. చీలికల వైపు చూసింది. మొదట అక్కడ ఆవిరి వచ్చింది. తర్వాత పలచటి బుడగలు. ఇంకా కాలేదంది. చివరికి గంజి కాగినట్టు లావుపాటి బుడగ ఒకటి లేచి, నిలిచి, బద్దకంగా పగిలింది. అప్పుడు తీసింది. ఆ బుడగ లోపల్నుంచి రానిదే మొక్కజొన్న పిండి బిగుసుకోదు.

బయటికొచ్చాక నాలుగు గంటలు ముట్టుకోనివ్వలేదు. వేడి మీద కోస్తే ఇంతసేపు అదుపులో పెట్టిన రసమంతా కారిపోతుంది. ఈలోగా మా అమ్మాయి తొమ్మిది నెలల మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. ఆవిడ మొదట అడిగింది దాని వయసే. ఏడాది నిండని పసివాళ్ళకి తేనె, ఉడికిందైనా సరే, పెట్టకూడదని ఖచ్చితంగా చెప్పింది. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసే ఇంటి నుంచి వచ్చినదాన్ని నేను. డాక్టర్లు చెప్పేదీ ఆవిడ మాటే కాబట్టి ఊరుకున్నాను. నాకేమో షుగర్. తేనె కదా, ఏం కాదని నన్ను నేను మోసం చేసుకోలేదు. ఎనిమిది ముక్కలు కోస్తే ముక్కకి ఇరవై గ్రాముల తేనె. సగం ముక్క తిన్నాను.

కోసినప్పుడు పెంకు పొరలు పొరలుగా చిట్లింది. ముక్క పళ్ళెంలో నిలబడింది. పక్కన చెడార్ చీజ్ బిళ్ళ పెట్టింది. ఆ ప్రాంతాల్లో అదొక అలవాటు. ముక్కమీద మరగని తేనె అరచెంచా జారవిడిచింది, పొయ్యి మీద పోయిన వాసన తిరిగి రావడానికి. నల్ల తేనె ఘాటు గొంతులో చివర తగిలింది. పులుపు ముందు, తీపి వెనక. పంచదార పైలు ఆ ఊళ్ళో ఇంకెన్నో తిన్నాను, ఇంత లోతు దేనిలోనూ లేదు.

హైదరాబాదులో చేద్దామనుకునేవాళ్ళకి నార్తర్న్ స్పై దొరకదు. ఆకుపచ్చ గ్రానీ స్మిత్ పండ్లు తెచ్చుకోండి, గుజ్జు కోసం మామూలు ఎర్ర యాపిల్ ఒకటి కలపండి. పిండి పని తెల్లవారుజామున పెట్టుకోండి, మన వేడికి వెన్న ఆగదు. రసం వంచి పాకం పట్టడం మాత్రం ఏ తొందరలోనూ మానకండి.

మిగిలిన సగం పైని ఆవిడ పళ్ళెంతో సహా ఇచ్చి పంపింది. వట్టి పళ్ళెం తిరిగివ్వకూడదు కదా. సోమవారం దాన్నిండా పులిహోర పెట్టి మా అమ్మాయి చేత పంపించాను, కారం కాస్త తగ్గించి.