కొండవాలు మీద ఇద్దరు

దూరంగా ఒక కొండవాలు. దాని మీద ఇద్దరు. ఒకరు కాస్త ఎత్తున, ఇంకొకరు కాస్త దిగువన. ముఖాలు ఆనవు. పైనున్న వ్యక్తి చెయ్యి చాపి దేన్నో చూపిస్తుంటారు, అదేమిటో చూస్తున్నాయనకి కనబడదు. మాట వినబడదు. పవిత్రమైన సన్నిధిలో ఉన్నానన్న ఎరుక మాత్రం ఉంటుంది.

1989 అక్టోబరులో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో మార్మన్లనే క్రైస్తవ సంఘం మహాసభ జరిగింది. ఆ సంఘం పెద్దల్లో ఒకరైన డేవిడ్ బి. హేట్ అనే 83 ఏళ్ల అపొస్తలుడు, తాను చావు అంచుదాకా వెళ్లిన రాత్రి చూసిన ఈ దృశ్యం గురించి అక్కడ చెప్పింది ఇంతే. ఆ ప్రసంగం ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆ కొండవాలు దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ ఊపిరి బిగబట్టుకుంటాను.

ఆ ఘట్టం ముందు ఏముందో చూడండి. నొప్పి. స్నానపు తొట్టి మీదికి ఒరిగి, మోకాళ్ల మీద ప్రార్థన. భార్య రూబీ ఫోన్‌లో సాయం కోసం పిలుస్తున్న గొంతు. అంబులెన్సు సైరన్. అన్నీ ఒంటికీ చెవికీ తెలిసేవే, అన్నీ ఏ ఇంట్లోనైనా జరగగలిగేవే. సైరన్ దగ్గర స్పృహ తెగిపోతుంది, దాంతో నొప్పీ గోలా ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ మోతంతా వినిపించాడు కాబట్టే తరవాతి నిశ్శబ్దం మనకూ వినిపిస్తుంది. సంస్కృత ఆలంకారికుడు ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని, అంటే మాటల్లో చెప్పకుండానే స్ఫురించే అర్థం, ఇలాంటి చోటే పలుకుతుంది. వాళ్లిద్దరూ ఎవరో హేట్ చెప్పడు. చెప్పి ఉంటే అది వార్త అయ్యేది. చెప్పలేదు కాబట్టి విన్నవాడి గుండెలో నిలిచిపోయింది.

ఆ తరవాత స్పృహ లేని రోజుల్లో క్రీస్తు జీవితం దృశ్యాలుగా కనబడిందంటాడు. అందులో మేడగదిలోని ఆఖరి భోజనం దగ్గర ఆగుతాడు. శిష్యుల దుమ్ముపట్టిన పాదాలు కడగడం, రొట్టె విరవడం. ఇక్కడ కూడా అలంకారం ఒక్కటి లేదు. వస్తువుని ముందు పెట్టి తను పక్కకి తప్పుకుంటాడు.

ఈ పొదుపు ఆయనకి ఎక్కడ అబ్బింది? నాకు తోచిన జవాబు ఒకటే: దుకాణంలో. ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊళ్లో 1906లో పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడే తండ్రి పోయాడు. పెద్దయ్యాక చిల్లర వర్తకంలోకి దిగి, అమెరికాలో పేరుమోసిన మాంట్‌గొమరీ వార్డ్ సంస్థలో ప్రాంతీయ మేనేజరు దాకా ఎదిగాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశాడు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో సొంతంగా ఇనుప సామాన్ల దుకాణాలు నడిపాడు, ఆ ఊరికి మేయరూ అయ్యాడు. ఇవాళ మన తెలుగువాళ్లు ఎందరో కాపురాలుంటున్న బే ఏరియాలోదే ఆ ఊరు. 1963లో సంఘం స్కాట్లండులో మిషన్ బాధ్యత అప్పగిస్తే మేయరు పదవి వదిలి వెళ్లిపోయాడు. 1976 జనవరిలో అపొస్తలుడయ్యాడు.

మార్మన్ సంఘంలో పౌరోహిత్యం వృత్తి కాదు. వేదాంత పాఠశాలలో పట్టా తీసుకుని పైకెక్కే మెట్లు లేవు. గుండె ఆపరేషన్లు చేసిన డాక్టరు, తీర్పులిచ్చిన జడ్జి, మేకులూ సుత్తులూ అమ్మిన వర్తకుడు పక్కపక్కనే కూర్చునేవారు. ఎవరి వృత్తి వాళ్ల వాక్యంలోకి దిగుతుంది. మంచి వర్తకుడు సరుకు గురించి అతిగా మాట్లాడడు. నాణ్యం ఉన్న వస్తువుని బల్ల మీద పెట్టి, కొనేవాడి చేతికందేలా కాస్త ముందుకి జరుపుతాడు. హేట్ తన దర్శనాన్ని కూడా అలాగే మన ముందుకి జరిపాడు. ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం, అంటే ఎక్కడ ఎంత తగునో అంతే ఉండటం, ఇదే.

1989 నాటిది పక్కన పెడితే, కాగితం చూసి చదివిన హేట్ తొలినాళ్ల ప్రసంగాలు నన్ను ఇంతగా కదిలించవు. అవి చక్కగా ఉంటాయి, అంతే. అసలు అందం చూపు మందగించాక వచ్చింది. అక్షరాలు కనబడక, కాగితం లేకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు. 2000 అక్టోబరు నాటికి ఆయనకి 94 ఏళ్లు, రూబీతో పెళ్లయి 70 ఏళ్లు. ఎదురుగా 21 వేల మంది పట్టే కొత్త సభాభవనం. వంశం ఒక గొలుసు, అందులో మీరు గట్టి లంకె కండి అన్నాడు. మాట ఎంత పాతదో చూడండి! ఇంకెవరైనా అంటే వినీ విననట్టు ఊరుకుంటాం. కానీ తొమ్మిదేళ్లకే తండ్రి లంకె తెగిపోయినవాడు, మనవల్నీ మునిమనవల్నీ చూసినవాడు అంటున్నాడు. ఇనుప సామాన్లు అమ్మిన మనిషికి లంకె బరువెంతో చేతికి తెలుసు. ఆ గొంతులో తొందర లేదు, మెప్పించాలన్న ఆరాటం లేదు. ముసలి తాత వసారాలో కూర్చుని కథ చెప్తున్నట్టు, ఒక జ్ఞాపకం నుంచి ఇంకో జ్ఞాపకానికి నడిచి వెళ్తాడు. శాంతాన్ని రసమని ఒప్పుకోని ఆలంకారికులున్నారు. వాళ్లకి ఈ గొంతు వినిపించాలనిపిస్తుంది.

2004 జూలై 31న, 97 ఏళ్ల వయసులో వెళ్లిపోయాడు. 1989 ప్రసంగం రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది. మీ మతం ఏదైనా సరే, ఒక్కసారి వినండి. అచ్చులో చదవొద్దు, చెవితోనే వినండి. సైరన్ దగ్గర కళ్లు మూసుకోండి.