ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ మాట నమ్మి 2003లో నేనొకసారి బోల్తా పడ్డాను.

అప్పట్లో యాహూ మెసెంజర్ లేని నెట్ సెంటర్ ఉండేది కాదు. అది సర్వర్‌తో ఏ భాషలో మాట్లాడుతుందో పట్టుకోవాలని నాకు ఒకటే దురద. గదిలో డయలప్ కనెక్షన్, ప్యాకెట్లు పట్టి చూపించే ఇథీరియల్ (ఇప్పటి వైర్‌షార్క్ అదే), పక్కన రూళ్ల నోట్‌బుక్కు. ప్రతి ప్యాకెట్టూ 'వైఎంఎస్‌జీ' అనే నాలుగక్షరాలతో మొదలయ్యేది. మొదటి 20 బైట్లు హెడర్. ఆ తర్వాత అసలు సరుకు: 5 అనే అంకె, దాని వెంట అవతలివాళ్ల ఐడీ, 14, దాని వెంట మనం కొట్టిన మాట. మధ్యమధ్య గోడల్లా రెండేసి బైట్లు.

ఒక మిత్రుడికి నాలుగు 'ఎ'లు పంపాను, తర్వాత ఐదు. హెడర్‌లో ఒక సంఖ్య సరిగ్గా ఒకటి పెరిగింది. 'సందేశం పొడవు, దానికి ఎప్పుడూ ఒకే కూడిక' అని రాసి కింద గీత కూడా కొట్టాను. మర్నాడు అవే ఐదు 'ఎ'లు ఇంకొకడికి పంపితే ఆ సంఖ్య మూడు పెరిగింది. వాడి ఐడీ మూడక్షరాలు పెద్దది! హెడర్ తర్వాతున్న సరుకంతటి పొడవూ అదన్నమాట. ఒకసారికి ఒక్కటే మార్చాలి, నిజమే. కానీ వంతులవారీగా అన్నీ మార్చి చూడాలి.

సాంబా అనే సాఫ్ట్‌వేర్ రాసిన ఆండ్రూ ట్రిడ్జెల్ ఈ పనిని ఫ్రెంచ్ కేఫ్‌లో కూర్చోవడంతో పోల్చాడు. భాష రాకపోయినా, ఎవరేం అడిగితే ఏం తెచ్చి పెడుతున్నారో గమనిస్తుంటే మాటలు పట్టుబడతాయి.

అయితే చెవికి అందనివీ ఉంటాయి. 1999లో మైక్రోసాఫ్ట్ తన మెసెంజర్‌ను ఏఓఎల్ మెసెంజర్ సర్వర్లతో మాట్లాడించింది. ఏఓఎల్ అడ్డుకుంటే మైక్రోసాఫ్ట్ దారి మార్చేది. చివరికి ఏఓఎల్ తన ప్రోగ్రాంలోనే ఉన్న బఫర్ ఓవర్‌ఫ్లో లోపాన్ని సర్వర్ నుంచి కదిపి చూసింది. ఆ లోపం నుంచి జవాబు వస్తే అసలుది, రాకపోతే నకిలీ. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాయించుకున్నది ఇందుకే కాబోలు. మాట నేర్చుకోవచ్చు, మచ్చ నేర్చుకోలేం.

యాహూ మెసెంజర్ 2018 జులై 17న మూతపడింది. నా నోట్‌బుక్కులో హెడర్ పట్టిక ఇంకా ఉంది. అందులో ఒక గడి, నేను ఎన్నిసార్లు పట్టినా సున్నాలే కనిపించిన రెండు బైట్లది. పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం. ఏం మారిస్తే అవి కదులుతాయో చూద్దామంటే, ఇప్పుడు అవతల పలికేవాళ్లు లేరు.