తాళం ఒక చేత, ఉలి ఒక చేత

2020 మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. తోలుబొమ్మలాట వాళ్లకు అంతకన్నా చెడ్డ ముహూర్తం దొరకదు. శివరాత్రి నుంచి వానలు పడేదాకా ఊరూరా జాతర్లు, అవే వాళ్లకు ఆటల రోజులు. ఏప్రిల్ 2న శ్రీరామనవమి వచ్చింది, వెళ్లింది. రాముడి కథే బతుకుతెరువైన వాళ్లు గడప దాటలేదు.

అప్పటి అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలో, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల కుటుంబాలకు పేరుపడ్డ ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ప్రకటించింది ఆ ఏడాది జనవరిలోనే. ప్రదానోత్సవం మాత్రం 2021 నవంబరు దాకా జరగలేదు. ఈ కుటుంబాలకు నెలజీతం ఉండదు. పిలిస్తే ఆట, కొంటే బొమ్మ. ఆటలు తగ్గాక తోలు ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి మేళాల్లో అమ్ముకోవడం అలవాటైంది. అయితే మేళా అన్నా జాతరన్నా జనం గుమిగూడాల్సిందే. రెండు దారులూ ఒక్కసారే మూసుకుపోయాయి.

ఒక్క విషయంలో మాత్రం వీళ్లు నగరాల్లోని సంగీతకారుల కన్నా నయం. అక్కడ వయొలిన్ ఒక ఫ్లాట్‌లో, మృదంగం ఇంకో ఫ్లాట్‌లో. వీడియో కాల్‌లో శబ్దం రవ్వంత ఆలస్యంగా చేరినా చాలు, తాళం తప్పుతుంది. అందుకే ఎవరి పాట వాళ్లు విడిగా రికార్డు చేసి, తర్వాత అతికించుకోవాల్సి వచ్చింది. తోలుబొమ్మల మేళం సాధారణంగా ఒకే కుటుంబం. బొమ్మ పట్టి పద్యం ఎత్తుకునేది తండ్రయితే వెనక నుంచి అందుకునేది తల్లి, హార్మోనియం దగ్గర అన్న, తాళాల దగ్గర చెల్లెలు. లాక్‌డౌన్ వీళ్ల ప్రేక్షకులను తీసుకుపోయింది కానీ మేళాన్ని విడదీయలేదు. ఈ కళ విలువ ఎక్కడుందని అడిగితే నేను ముందుగా చూపించేది ఇదే: బడి, కార్ఖానా, రంగస్థలం మూడూ ఒకే కప్పు కింద ఉండడం.

ఇంటిపట్టున ఉన్న ఆ రోజుల్లో, తోలు పనికి ఎండ కావాలి కాబట్టి పగలు దానిదే. మేకతోలును నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ లోపలి పొరా గీకేసి, ముడత పడకుండా నాలుగువైపులా లాగి మేకులు కొట్టి ఆరబెడతారు. ఎండాక వెలుతురుకు అడ్డం పెడితే అవతలి చెయ్యి నీడలా కనబడాలి. అప్పుడు గీత, ఆ తర్వాత ఉలి. చెక్కదిమ్మ మీద తోలు పరిచి, రకరకాల మొనలున్న ఉలులతో చిన్నచిన్న రంధ్రాలు కొట్టుకుంటూ పోతారు. కిరీటం, హారం, వడ్డాణం అన్నీ రంధ్రాలే. రంగు ఎంత దిద్దినా నగ మెరవదు. రంధ్రంలోంచి దీపపు వెలుగు నేరుగా వస్తేనే మెరుస్తుంది. రంగు రెండువైపులా వేస్తారు, ఎందుకంటే బొమ్మను అటు తిప్పితే రాముడు తూర్పుకు చూస్తాడు, ఇటు తిప్పితే పడమరకు. ఇక భుజం, మోచేయి దగ్గర దారపు ముడి. బిగిస్తే చెయ్యి ఊగదు, వదిలేస్తే వేలాడుతుంది. నాకు మొత్తం పనిలో అన్నిటికన్నా కష్టమైనదిగా తోచేది ఈ ముడే.

సాయంత్రం పాట. జాతర్ల రోజుల్లో రాత్రంతా ఆట, పగలు నిద్ర. పిల్లలకు కూర్చోబెట్టి నేర్పే తీరిక ఎక్కడిది? ఇంటిపట్టున ఉంటే రంగనాథ రామాయణం ద్విపదను వరుస తప్పకుండా చెప్పించవచ్చు. యుద్ధం వచ్చినప్పుడు చెక్కపలక మీద కాలు ఎప్పుడు దబదబ తొక్కాలో చూపించవచ్చు. వీళ్లలో చాలా కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ కలిసిన మాట. తెర వెనక నోరు విప్పితే అచ్చ తెలుగు పద్యం!

ఫోన్‌లో ఆట చూపించమన్న సలహా ఆ రోజుల్లో కళాకారులందరికీ అందింది. చూపించవచ్చు, కానీ అయిదడుగుల రావణుడు అరచేతి తెరలో బల్లిలా కనిపిస్తాడు. ఫోన్ కెమెరాను దాని ఇష్టానికి వదిలితే తెర తెల్లగా వెలిగిపోయి రంగులు పాలిపోతాయి. గదిలో దీపాలన్నీ ఆర్పి, వెలుతురు కొలతను బొమ్మ మీదే నిలిపి తీయాలి. రాత్రంతా సాగే కథ అక్కడ ఎవరూ చూడరు. ఆటలోని హాస్యపాత్రలు జుట్టుపోలిగాడూ బంగారక్కా పది నిమిషాలు కొట్లాడుకుంటే చూస్తారు. కథ నడుమ దూరి ఊళ్లో సంగతులు ఎత్తిపొడిచే హక్కు ఎప్పటినుంచో వాళ్లది. మాస్కు ముక్కు కిందకు జారిందని రాముడు తిడితే బాగుండదు, పోలిగాడు తిడితే నవ్వొస్తుంది.

డబ్బు మాత్రం ఫోన్ ఆటలో రాదు. చేతిలో మిగిలేది సరుకు. తోలుకు తడీ ఎలుకా తగలకపోతే ఏళ్లతరబడి ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో చేసిన పని వృథా కాదు. నన్నడిగితే ల్యాంప్‌షేడ్లు పేర్చుకోవడం కన్నా పాత బొమ్మల పెట్టె తెరవడం మంచిది. కొనేవాళ్లు అడిగేది షేడ్లను కనుక ఆటబొమ్మల మరమ్మతు ఎప్పుడూ వెనకబడుతుంది. ఒక హనుమంతుడికి తోక చిరిగి ఉంటుంది, ఒక సీతకు మోచేతి ముడి తెగి ఉంటుంది. కొత్త తోలు అతికిస్తే దీపం ముందు తేడా తెలిసిపోతుంది. పనికిరాని పాత బొమ్మలోంచి అదే వన్నె ముక్క వెతికి కోసి కట్టాలి. తొందర ఉన్నవాడికి సాగే పని కాదది.